టీకా వేయించినా గాలికుంటు ఎందుకొచ్చింది?

పలమనేరు దగ్గర మా ఊరి పాల కేంద్రం పొద్దున ఐదున్నరకే తెరుస్తారు. ఆరు దాటేసరికి క్యాన్ల చప్పుడు, వెన్న శాతం చూసే యంత్రం రొద, చీటీల దగ్గర వాదులాట. ఒక చలికాలం పొద్దున మాత్రం అక్కడ అలికిడి లేదు. మూడు కొట్టాల్లో ఆవులు మేత ముట్టడం లేదని ఊరంతా తెలిసిపోయింది. మా పక్కింటి పెద్దమ్మ క్యాను పట్టుకునే వచ్చింది. రోజూ నిండుగా వచ్చే క్యానులో ఆ రోజు అడుగున మాత్రమే పాలున్నాయి. అది కింద పెట్టి నన్ను అడిగింది: "చెవికి పోగు వేశారు, మెడకు సూది వేశారు. అయినా వచ్చిందే నాయనా. మరి ఆ సూది దేనికి?"

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక జవాబు చెప్పారు. మందు నాసిరకమన్నారు ఒకరు. సూది వేసిన వారానికే వచ్చింది కాబట్టి సూదితోనే వచ్చిందన్నారు ఇంకొకరు. నాటు ఆవైతే ఈ బాధే ఉండదన్నారు మూడో మనిషి. ఆ మాటల్లో పిసరంత నిజం ఉంది, బోలెడంత పొరపాటూ ఉంది. ఆ రెండింటినీ విడదీయాలంటే సూది పశువు ఒంట్లో ఏం చేస్తుందో, రోగం ఊళ్లో ఎలా నడుస్తుందో వేర్వేరుగా చూడాలి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే మనకు చిక్కు పడుతుంది.

ముందు రోగం గురించి రెండు ముక్కలు. గాలికుంటు వస్తే జ్వరం, నోట్లో బొబ్బలు, తీగలు సాగే చొంగ, ఉండుండి నోరు చప్పరించడం. నాలుక మీది పొర పట్టుకుంటే ఊడివస్తుంది. గిట్టల నడుమ పుండ్లు పడి ఆవు కాలు కింద మోపలేదు. పెద్ద పశువులు చాలావరకు బతుకుతాయి. దూడల్లో గుండె కండరానికే వైరస్ పడుతుంది కాబట్టి పొదుగు దగ్గర నిలబడిన దూడ ఉన్నట్టుండి కూలిపోతుంది. బతికిన ఆవు సంగతీ అంత బాగుండదు. కొన్ని ఆవులు నెలల తరబడి ఎండకు రొప్పుతూనే ఉంటాయి, పాలు మునుపటి లెక్కకు రావు, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. రెండు ఆవుల పాల బిల్లు మీద ఇల్లు నడిచే జిల్లాలో ఇది చావు కంటే పెద్దగా తక్కువేమీ కాదు.

సూది ఏం చేస్తుంది?

గాలికుంటు టీకాలో ఉండేది చంపేసిన వైరస్. చచ్చిన వైరస్ రోగాన్ని పుట్టించలేదు. దాన్ని చూసిన ఒళ్లు "ఇలాంటిది మళ్లీ వస్తే ఇలా పట్టుకోవాలి" అని నేర్చుకుని ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. ఈ చదువుకు పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపల అసలు రోగం తగిలితే ఆవు చదువు సగంలో ఉండగా పరీక్షకు కూర్చున్నట్టే.

"సూది వేసిన వారానికే వచ్చింది" అన్న మాటలోని చిక్కు ఇక్కడే ఉంది. గాలికుంటు వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు. పక్క ఊళ్లో రోగం వచ్చిందని వినగానే పరుగున సూది వేయిస్తాం. అప్పటికే కొన్ని పశువుల్లో వైరస్ చేరిపోయి ఉంటుంది. అవి సూది లేకపోయినా జబ్బు పడేవే, కానీ సూది తర్వాత పడ్డాయి కనుక నింద సూది మీద పడుతుంది. అందుకే రోగం లేచినప్పుడు టీకా వేసే పద్ధతి వేరు. రోగమున్న ఊరిని వదిలి, చుట్టూ ఉన్న ఆరోగ్యంగా ఉన్న పల్లెల్లో మొదలుపెట్టి, బయటి నుంచి లోపలికి రావాలి. లోపలి నుంచి బయటికి వెళితే టీకా వేసే మనిషి చెప్పులే, సూదే రోగాన్ని మోసుకెళతాయి.

ఇక నాసిరకం మందన్న మాట. మందు తయారీలో లోపం ఉండవచ్చు, కానీ మంచి మందు కూడా దారిలో చెడిపోతుంది. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలితే వైరస్ రేణువులు విచ్చిపోయి ఒంటికి నేర్పాల్సిన ఆకారమే మిగలదు. గడ్డకట్టినా పాడైపోతుంది. మిట్టమధ్యాహ్నం మోటారు సైకిలు మీద మూత సరిగా పడని ఐసు పెట్టెలో తిరిగిన సీసాను చూసి, అందులో మందు బతికి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. రంగు మారదు, వాసన మారదు. పొద్దున్నే చల్లని వేళ వేయించుకోవాలని పశువైద్యులు చెప్పేది ఊరికే కాదు. ఆ సమయంలో పెట్టెలో ఐసు ఎంత ఉందో అడిగే హక్కు మనకుంది, అడిగితే వాళ్లు నొచ్చుకోరు కూడా.

ఇంకో చిక్కు వైరస్ దగ్గరే ఉంది. గాలికుంటు ఒక్కటి కాదు, ఒకే ఇంటిపేరున్న ఏడుగురు అన్నదమ్ములు. మన దేశంలో ఇప్పుడు తిరిగేవి ఓ, ఎ, ఏషియా-1 అనే మూడు రకాలు. అలిపిరి తనిఖీ కేంద్రంలో ఒకడి ఫోటో ఇచ్చి పంపితే సిబ్బంది ఆ ఒక్కడినే పట్టుకుంటారు. అన్న ఫోటో చేతిలో పెట్టుకుని తమ్ముడిని ఆపలేరు. అందుకే మన టీకాలో మూడు ఫోటోలూ ఉంటాయి. కానీ వాళ్లు మీసం, జుట్టు మారుస్తూ ఉంటారు. ఒకే రకంలోనూ కొత్త పోకడలు పుడుతుంటాయి కాబట్టి ఊళ్లలో తిరుగుతున్న వైరస్‌ను ఎప్పటికప్పుడు పట్టి చూసి, టీకాలో ఉన్న దానితో పోల్చాలి. భువనేశ్వర్‌లోని జాతీయ గాలికుంటు పరిశోధన సంస్థ చేసే పనుల్లో ఇది ముఖ్యమైనది. నాలుక పుండు నుంచి తీసిన చిన్న ముక్కను అక్కడికి పంపడం మన ఆవుకు వెంటనే పనికిరాదు. వచ్చే ఏటి టీకాకు పనికొస్తుంది.

జున్నుపాలు, మాయ, నాలుగు నెలలు

పెద్దమ్మ కొట్టంలో మొదట జబ్బు పడింది ఐదు నెలల పెయ్యదూడ. దానికి సూది పడింది ఒక్కటే.

మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు కొంత రక్షణ చేరుతుంది. ఆవులో మాయ నిర్మాణం వేరు. తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు దూడకు దాటవు. అంటే దూడ పుట్టేసరికి దాని దగ్గర సొంత ఆయుధం ఏదీ ఉండదు. దానికి అందేదంతా జున్నుపాలలోనే ఉంటుంది. అదీ ఎంతసేపంటే, పుట్టిన మొదటి కొన్ని గంటలు. దూడ పేగు ఆ సమయంలో ఆ పెద్ద పెద్ద ప్రతిరక్షకాలను చెక్కు చెదరకుండా రక్తంలోకి వదులుతుంది. గంట గంటకూ ఆ తలుపు మూసుకుంటూ వచ్చి, ఒక రోజు గడిచేసరికి దాదాపు పడిపోతుంది. ఆ తర్వాత జున్నుపాలు తాగితే ఆహారమే, రక్షణ కాదు.

మన ఊళ్లలో ఏం చేస్తాం? మాయ పడే దాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వం. మాయ పడటానికి ఆరు గంటలు పట్టవచ్చు, పన్నెండు పట్టవచ్చు. తలుపు సగం మూసుకున్నాక దూడకు పాలు. ఆ పాలల్లోనూ సగం జున్ను వండి చుట్టుపక్కల ఇళ్లకు పంచుతాం. బెల్లం, యాలకులు వేసి వండిన జున్ను నాకూ ఇష్టమే, పంచడం మంచి ఆచారమే. మొదటి రోజు పాలు దూడకు కడుపు నిండా తాగించి, రెండో రోజు, మూడో రోజు పాలతో జున్ను వండుకుంటే రెండూ నిలుస్తాయి. దూడ బరువులో పదో వంతు పాలు మొదటి పూటల్లోనే పోవాలి. ఇరవై ఐదు కిలోల దూడకు రెండున్నర లీటర్లు. దూడ పాలు తాగితే పొదుగు చేపు మీద మాయ కూడా తొందరగా పడుతుంది. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు.

ఇక్కడొక వింత ఉంది. తల్లి ఇచ్చిన ఈ రక్షణే కొన్నాళ్లకు టీకాకు అడ్డం పడుతుంది. దూడ రక్తంలో తల్లి ప్రతిరక్షకాలు తిరుగుతుండగా సూది వేస్తే, అవి టీకాలోని వైరస్‌ను పట్టేసి ఊడ్చేస్తాయి. దూడ ఒంటికి నేర్చుకునే అవకాశమే రాదు. మరీ ఆలస్యం చేస్తే తల్లి రక్షణ అయిపోయి దూడ ఒట్టి చేతులతో మిగులుతుంది. అందుకే గాలికుంటు మొదటి సూది నాలుగో నెలలో వేస్తారు. నెల తర్వాత రెండోది. మొదటి సూదితో ఒళ్లు పాఠం వింటుంది, రెండో దానితో గుర్తుపెట్టుకుంటుంది. ఆపైన ఆరు నెలలకొకసారి. పెద్దమ్మ పెయ్యకు రెండో సూది వేయాల్సిన రోజున ఆమె పెళ్లికి మదనపల్లె వెళ్లింది. ఇందులో తప్పు పట్టడానికేముంది? కానీ వైరస్‌కు పెళ్లిళ్లతో పనిలేదు.

నాటు ఆవుకు రాదా?

మన జిల్లాలో ఈ మాట పుంగనూరు ఆవు దగ్గర ఆగకుండా ఉండదు. దాదాపు మూడు అడుగుల ఎత్తుండే ఆ పొట్టి ఆవును ఈ మధ్య ఫోన్లలో చూసి మురిసిపోనివాళ్లు లేరు. హాల్లో సోఫా పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఆవు మీద జాలేస్తుంది. జాతిని కాపాడే అసలు పని పలమనేరులోని పశు పరిశోధనా స్థానంలో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద, ఆర్భాటం లేకుండా దశాబ్దాలుగా సాగుతోంది.

నాటు పశువులకు నిజంగానే కొన్ని బలాలున్నాయి. బిగుతైన చర్మం, పొట్టి వెంట్రుకలు, పిడుదులు పట్టకుండా తోలును జలదరించే గుణం, వేడిని తట్టుకోవడం. పిడుదులు మోసుకొచ్చే థైలీరియా రోగం సంకరజాతి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ ఆవులను పడగొట్టినంతగా నాటు ఆవులను పడగొట్టదు. కానీ గాలికుంటు అలా కాదు. నాటు ఆవుకూ సోకుతుంది, లక్షణాలు తేలిగ్గా ఉండవచ్చు. యజమాని గమనించడు, సంతకు తోలుకెళతాడు, నాలుగు రోజులు చొంగ కార్చి అది కోలుకుంటుంది. ఈలోగా పక్కన కట్టిన హెచ్‌ఎఫ్‌కు అంటించి ఉంటుంది. తనకు బాధ లేకపోవడం, ఎదుటివాళ్లకు అంటించకపోవడం అనేవి రెండు వేర్వేరు సంగతులు. టీకా వేసిన ఆవుకూ ఇదే వర్తిస్తుంది. గాలికుంటు టీకా జబ్బును ఆపినంత గట్టిగా వైరస్ గొంతులో చేరడాన్ని ఆపదు. జబ్బు పడి కోలుకున్న ఆవుల్లో కొన్నింటి గొంతులో వైరస్ నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్లు దాగి ఉంటుంది.

ఒంటి బలం మాట వచ్చింది కనుక ఒక సంగతి. నట్టలతో కడుపు ఉబ్బిన దూడకు, నడివేసవిలో మేత చాలక డొక్కలు తేలిన ఆవుకు ఎంత మంచి టీకా వేసినా ప్రతిరక్షకాలు సరిగా తయారు కావు. వాటికి ముడిసరుకు మాంసకృత్తులే. టీకాకు ముందు నట్టల మందు తాగించమనేది అందుకే.

ఊరి లెక్క

ఇప్పటిదాకా ఒక ఆవు ఒళ్లు చూశాం. పెద్దమ్మ ప్రశ్నకు జవాబులో పెద్ద ముక్క ఆ కొట్టం బయట ఉంది.

ఒక జబ్బు పశువు సగటున ఐదింటికి అంటిస్తుందని అనుకుందాం. ఆ ఐదింటిలో నాలుగు తట్టుకోగలిగితే ఒక్కదానికే అంటుతుంది. అది ఇంకొకదానికి. రోగం పెరగదు, తగ్గదు. నాలుగు కంటే ఎక్కువ తట్టుకుంటే గొలుసు ఎక్కడో తెగి రోగం ఆరిపోతుంది. అంటే ఊళ్లో నూటికి 80 దాటాలి. ఇప్పుడు నూరు పశువులున్న ఊళ్లో 90కి సూది పడిందనుకోండి. వినడానికి గొప్పగా ఉంటుంది. అందులో పదింట ఎనిమిదికే టీకా పట్టిందనుకుంటే రక్షణ ఉన్నవి 72. గీత 80 దగ్గర ఉంది. ఊరంతా టీకా వేయించుకున్నామనే అనుకుంటుంది, రోగానికి మాత్రం దారి ఉంది. సూది పడని ఆ పదీ ఊరంతా చెల్లాచెదురుగా ఉంటే కొంత నయం. అలా ఉండవు. రెండు రోజులు పాలు తగ్గుతాయని భయపడి వద్దన్న ఇల్లు ఒకటి, చూడి ఆవు ఈసుకుపోతుందని వెనక్కి పంపిన ఇల్లు ఇంకొకటి, అన్నీ ఒకే వీధిలో ఉంటాయి. నిప్పుకు కావలసింది అలాంటి ఎండు గడ్డి వామే.

రోగం ఆ వీధికి ఎలా వస్తుంది? మనది మూడు రాష్ట్రాల కూడలి. పొద్దున కోలారు వైపు కొన్న ఆవు సాయంత్రానికి పుంగనూరులో ఉంటుంది, మర్నాడు గుడియాత్తం వైపు పోతుంది. సంతలో ఒకే తొట్టిలో యాభై మూతులు నీళ్లు తాగుతాయి. చంద్రగిరి మండలం రంగంపేటలో సంక్రాంతి నాళ్ల పశువుల పండుగకు కొమ్ములకు పలకలు కట్టిన కోడెలు ఎన్ని ఊళ్ల నుంచి వస్తాయో చూసినవాళ్లకు తెలుసు. గాలికుంటు వైరస్ చలికాలపు చల్లని, తేమ గాలిలో ఎక్కువసేపు బతుకుతుంది. చొంగలో, శ్వాసలో, పాలలో ఉంటుంది. పాలలోకైతే బొబ్బలు కనిపించడానికి రెండు మూడు రోజుల ముందే వచ్చేస్తుంది.

అంటే ఆ పొద్దున పెద్దమ్మ కింద పెట్టిన క్యాను, ఆమె కాళ్లకు అంటిన పేడ, అదే చేత్తో ఆమె తీసుకున్న చీటీ, అన్నీ ఆ లెక్కలోనివే. ఆమె ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను ఆమె పక్కనే నిలబడ్డాను, నా చెప్పులతో మా కొట్టంలోకే తిరిగి వెళ్లాను. ఆరు రోజులకు మా ఆవు నోరు చప్పరించడం మొదలుపెట్టింది. నేను తెచ్చానని రుజువు లేదు. తేలేదనీ చెప్పలేను.

ఈ వైరస్‌కు ఒక బలహీనత ఉంది. పులుపునూ తట్టుకోదు, గట్టి క్షారాన్నీ తట్టుకోదు. లీటరు నీటికి నలభై గ్రాముల చాకలి సోడా కలిపి కొట్టం గడప దగ్గర గోనె తడిపి పరిస్తే, కాళ్లు దాని మీద మోపి లోపలికి వెళితే చాలావరకు చస్తుంది. ఖరీదైన మందులు కొనేముందు ఇది చేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాటి పాలు ముందు, జబ్బువాటివి చివర పితకాలి. కొత్తగా కొన్న పశువును మూడు వారాలు విడిగా కట్టాలి. ఈ చివరి మాట మా ఊళ్లో ఎవరూ వినరు, రెండో కొట్టం ఎవరికుంది?

తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశాక తిరుపతి ఊరివాళ్లు పొలిమేర దాటకూడదనే కట్టుబాటు ఉంది. మా పల్లె జాతరల్లోనూ బయటివాళ్లు ఆ రాత్రులు ఊళ్లో ఉండకూడదంటారు. పూర్వీకులకు వైరస్ తెలుసని చెప్పడం అతిశయోక్తి. రాకపోకలు ఆగితే అమ్మవారి కోపం తగ్గుతుందని మాత్రం చాలాసార్లు చూసి ఉంటారు.

ముసర పోయింది, ఇది పోలేదు

పశువుల రోగాన్ని లోకం నుంచే తుడిచిపెట్టవచ్చు. ఒకసారి చేశాం కూడా. ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, ఒకప్పుడు ఊరి మందలను ఊడ్చిపెట్టేది. 1954లో మన దేశం దానిపై జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 1995 తర్వాత ఇక్కడ ఒక్క కేసూ లేదు. 2006లో మన దేశానికి రోగరహిత గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా నిర్మూలించినట్టు ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి తుడిచేసిన రెండో రోగం అదే.

గాలికుంటు విషయంలో అలా జరగకపోవడానికి కారణం మన బద్ధకం ఒక్కటే అనుకోవడం అన్యాయం. ముసర వైరస్ ఒకే రకం, ఒక్క టీకాతో దాదాపు జీవితకాలం రక్షణ, కోలుకున్న పశువులో అది దాక్కోదు. గాలికుంటుకు ఏడు రకాలు, ఆరు నెలల రక్షణ, గొంతులో దాక్కునే అలవాటు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం 2030 నాటికి గాలికుంటును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. చెవి పోగు మీది పన్నెండంకెల సంఖ్య అందుకే. ఏ పశువుకు ఎన్నో సూది పడిందో తెలియకుండా ఆరు నెలలకొకసారి దేశమంతా టీకా వేయడం కుదరదు. గొర్రెలు, మేకల పారుడు వ్యాధి మాత్రం ముసరకు దగ్గర చుట్టం, ఒక్క టీకాతో మూడేళ్ల రక్షణ ఇస్తుంది. గాలికుంటు కంటే ముందు అదే పోతుందని నా అంచనా.

కోళ్ల లోకం దీనికి పూర్తిగా వేరు. షెడ్డులో వేల పిల్లలు ఒకే వయసువి, ఒకే జాతివి. ఒకదాన్ని పడగొట్టేది అన్నింటినీ పడగొడుతుంది. అందుకే అక్కడ ఒక్కో కోడిని ఎవరూ చూడరు, మంద మొత్తం ఒకే ప్రాణి అన్నట్టు చూస్తారు. కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, టీకాను తాగునీళ్లలో కలిపేటప్పుడు అందులో కాస్త పాలపొడి వేస్తారు. నీళ్లలోని క్లోరిన్ బతికున్న టీకా వైరస్‌ను చంపకుండా ఆ పొడి అడ్డుపడుతుంది. రెండు గంటలు దాహంగా ఉంచి మరీ తాగిస్తారు. అదే ఊళ్లో పెరట్లో తిరిగే నాటు కోళ్లకు ఏ టీకా ఉండదు. ఒక వేసవిలో అవన్నీ మెడలు తిప్పుకుంటూ పోతాయి.

పశువులకు వచ్చే ముద్ద చర్మ వ్యాధి, అంటే లంపీ స్కిన్, ఇంకో పాఠం. దాన్ని ప్రధానంగా కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు మోస్తాయి కాబట్టి గడప దగ్గరి సోడా గోనెకు ఈగ లొంగదు. 2019లో మన దేశంలో మొదట కనిపించిన ఆ వ్యాధికి చేతిలో ఉన్న మేకల బొబ్బ వ్యాధి టీకానే ఆవులకు వాడారు. రెండు వైరస్‌లూ దగ్గర బంధువులు కాబట్టి ఆ ఫోటోతో ఈ మనిషిని కొంతవరకు పట్టుకోగలిగారు. గాలికుంటు అన్నదమ్ముల్లో కుదరనిది ఇక్కడ కుదిరింది.

పెద్దమ్మకు ఇదంతా ఒక్కసారి చెప్పలేదు. ఆవు నాలుకకు బోరో గ్లిజరిన్ రాస్తూ, గిట్టలు కడుగుతూ రోజుకొక ముక్క చెప్పాను. పెయ్యదూడ దక్కలేదు. ఆవు దక్కింది, ఎండెక్కితే ఇప్పటికీ చింతచెట్టు కింద రొప్పుతూ నిలబడుతుంది. ఆ ఏడాదే ఇంకో దూడ పుట్టింది. ఈసారి మాయ కోసం ఆగలేదు. కొట్టం గోడ మీద బొగ్గుతో రెండు తేదీలు రాసింది, ఒకటి నాలుగో నెలది, రెండోది సరిగ్గా నెల తర్వాతది. రెండో తేదీ పక్కన చిన్న అక్షరాలతో "ఊరికి పోకూడదు" అని ఉంది.